పిచ్చరు చేయి: ఇన్నింగ్సుల లెక్కపై ఒక విమర్శ

1884వ సంవత్సరమున అమెరికాలో ప్రావిడెన్సు జట్టునకు ఆడిన చార్లెస్ రాడ్‌బోర్న్ అను బేస్‌బాల్ ఆటగాడు ఒక్క సీజనులో 678 ఇన్నింగ్సులకు పైగా బంతి విసరెను. 2024లో అమెరికా మేజర్ లీగులలోని జట్లన్నిటిని కలిపి చూచినను, 200 ఇన్నింగ్సులు చేరినవారు నలుగురే. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి, "ఆనాటివారివి ఇనుపచేతులు, ఈనాటివారివి గాజుచేతులు, వైద్యులును శిక్షకులును కలిసి వీరిని గారాబముతో చెడగొట్టినారు" అని వాదించువారు అక్కడ ఇప్పటికిని కలరు. మరికొందరు ఇందుకు విరుద్ధముగా, "పూర్వపు మోటుపద్ధతి చేతులను పాడుచేసినది, బంతులను లెక్కించి, నూరు కాగానే ఆపివేసినచో చేయి క్షేమముగా ఉండును" అందురు.

పైకి ఈ రెండును పరస్పర విరుద్ధములుగా కన్పించును. కాని రెండింటికిని పునాది ఒక్కటే. రెండును చేతిపై పడు బరువును కేవలము సంఖ్యతో కొలుచుచున్నవి. ఈ కొలత ఎంతవరకు సరియైనదో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మన దేశమున బేస్‌బాల్ ఆడువారు తక్కువ. అయినను, అంకెలను చదువు పద్ధతి విద్యార్థులకు నేర్పదలచిన ఉపాధ్యాయునకు ఈ వివాదము మంచి ఉదాహరణము. పైగా ఇందులో పెరుగుచున్న బాలుర చేతుల క్షేమము ఇమిడి ఉన్నది.

ఆట - చేయి

బేస్‌బాల్‌లో బంతి విసరువానిని పిచ్చరు అందురు. అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరము నుండి, అనగా సుమారు 18.44 మీటర్ల నుండి, బ్యాటు పట్టినవానివైపు బంతిని విసరును. బంతి బరువు సుమారు 145 గ్రాములు; మన క్రికెట్ బంతికంటె కొంచెము తేలిక. ముగ్గురు ఆటగాండ్రు అవుట్ అగువరకు ఒక జట్టు బ్యాటు చేయును. పిచ్చరు అట్లు ముగ్గురిని అవుట్ చేసినచో అతని పేర ఒక ఇన్నింగ్సు లెక్కించెదరు. ఒక ఆటలో సాధారణముగా ప్రతి జట్టునకు తొమ్మిది ఇన్నింగ్సులు ఉండును.

క్రికెట్ బౌలరు పరుగెత్తి వచ్చి బంతి వేయును. మోచేతిని 15 డిగ్రీలకు మించి చాచరాదను నియమము అతనికి కలదు. అందువలన ఫాస్ట్ బౌలరు భారము ఎక్కువగా నడుముపై పడును. పిచ్చరు అట్లు కాదు. అతడు నిలుచున్న చోటనే కాలెత్తి, ఒక పెద్ద అడుగు ముందుకు వేసి, మోచేతిని వంచి బంతి విసరును. మొదట తుంటి తిరుగును. తరువాత మొండెము, ఆపై భుజము, మోచేయి, మణికట్టు వరుసగా కదలును. బండివాడు చెర్నాకోలను ఝళిపించినపుడు పిడి దగ్గర నెమ్మదిగా మొదలైన కదలిక కొసకు చేరునప్పటికి ఎంత వేగమగునో, ఇదియు అట్టిదే. చేయి వెనుకకు వంగి తిరిగి ముందుకు వచ్చు క్షణమున భుజాస్థి తన అక్షముపై సెకండునకు సుమారు 7,000 డిగ్రీల వేగముతో తిరుగునని ప్రయోగశాలలలో కొలిచినారు. ఆ వేగము ఒక సెకండు పాటు నిలిచినచో చేయి పందొమ్మిది చుట్లు తిరిగెడిది.

ఈ భ్రమణము మొదలగుటకు ముందు క్షణమున మోచేయి లోపలివైపు విచ్చుకొనుటకు ప్రయత్నించును. దానిని ఆపుటకు సుమారు 64 న్యూటన్ మీటర్ల బలభ్రామకము కావలెను. మోచేతి నుండి మీటరులో మూడవ వంతు దూరమున దాదాపు 20 కిలోల బరువు వ్రేలాడదీసినపుడు కలుగునంత ప్రభావమిది. ఆ చోట భుజాస్థిని అరత్నితో కలుపు ఒక సంధిబంధనము, అనగా ఎముకను ఎముకకు కట్టు పీచుపట్టీ ఉన్నది. మృతదేహముల నుండి తీసిన బంధనములను పరీక్షించినపుడు అవి 32 నుండి 34 న్యూటన్ మీటర్ల వద్దనే తెగినవి. మరి ప్రతి బంతికిని ఇది ఎందుకు తెగుటలేదు? ముంజేతి కండరములును, ఎముకల కూర్పును భారములో చాలభాగము మోయుటచేత. ఇందులో గ్రహింపవలసిన విషయము రెండు విధములు. పూర్తి బలముతో విసరిన ప్రతి బంతియు ఆ బంధనమును దాని హద్దు దగ్గరకు తీసికొనిపోవును. కండరములు అలసినచో వాని వంతు కూడ బంధనముపై పడును.

కొస భాగమైన చేయి ఒంటరిగా పనిచేయదనుటకు డిజ్జీ డీన్ అను ప్రసిద్ధ పిచ్చరు ఉదాహరణము. 1934లో ఇతడు 30 ఆటలు గెలిచెను. 1937లో బ్యాటు తగిలి దూసుకొనివచ్చిన బంతి ఇతని ఎడమకాలి బొటనవ్రేలిని విరిచెను. అది పూర్తిగా మానకముందే మైదానమునకు తిరిగివచ్చి, ఆ కాలిపై భారము వేయకుండ బంతులు విసరెను. గాయము కాలికి, పోయినది చేయి. తరువాత అతడు మునుపటి పిచ్చరు కాలేకపోయెను. ఆ ఆటలలో అతడు విసరిన బంతులను ఎంత జాగ్రత్తగా లెక్కించినను ఈ ప్రమాదము కనబడెడిది కాదు.

మిగిలినవారి లెక్క

ఇక మొదటి వాదమును చూతము. "ఇనుపచేతుల" వాదమునకు ముఖ్యమైన సాక్షి సై యంగ్. ఇతడు 1890 నుండి 1911 వరకు 22 సీజనులు ఆడి, 7,356 ఇన్నింగ్సులు విసరి, 511 ఆటలు గెలిచెను. ఈ సంఖ్యలు నిజమే. కాని, నూరేండ్లు బ్రతికిన పొగత్రాగు ముసలివానిని చూపి పొగాకు ఆరోగ్యకరమనినచో మనము అంగీకరింతుమా? అతనితోపాటు పొగత్రాగినవారు ఎందరు, వారిలో మధ్యలోనే పోయినవారు ఎందరు అని అడుగుదుము. ఇక్కడను అడుగవలసిన ప్రశ్న అదే.

ఎడ్ వాల్ష్ 1908లో 464 ఇన్నింగ్సులు విసరి 40 ఆటలు గెలిచెను. 1912లో 393 ఇన్నింగ్సులు. మరుసటి సంవత్సరము అతని చేయి మాటవినలేదు. నూరు ఇన్నింగ్సులు కూడ నిండలేదు. జో వుడ్ 1912లో, 22 ఏండ్ల వయస్సున, 344 ఇన్నింగ్సులు విసరి 34 ఆటలు గెలిచెను. తరువాతి గాయములతో చేయి చెడి, చివరకు పిచ్చరు వృత్తిని వదలి బ్యాటుతో బ్రతికెను. సాండీ కోఫాక్స్ 1966లో 323 ఇన్నింగ్సులు విసరి 27 ఆటలు గెలిచి, కీర్తిశిఖరమున ఉన్నపుడే, ఎడమ మోచేతి కీలువాపుచేత 30 ఏండ్లకే ఆట మానెను. వీరు ముగ్గురును గొప్పవారు కనుక వారి పేర్లు మిగిలినవి. చిన్న పట్టణముల జట్లలోనే చేయి చెడి ఇంటికి పోయినవారి పేర్లు ఏ పట్టికలోను లేవు. మోయలేనివారందరు తొలగిపోయిన తరువాత మిగిలినవారి మోతను చూచి, ఆనాడు అందరును మోయగలిగిరనుట తర్కదోషము.

మరియొక లోపము కలదు. పూర్వము ఈ జబ్బునకు పేరు లేదు. ఎక్స్ కిరణములు కనుగొనబడినది 1895లో. అవి ఎముకను చూపునుగాని బంధనమును స్పష్టముగా చూపలేవు. మెత్తని భాగములను చూపగల అయస్కాంత ప్రతిబింబ పరీక్ష వైద్యులకు అందినది 1980 తరువాతనే. అంతవరకు "చేయి పోయినది" అనుటయే రోగనిర్ణయము. పేరులేని జబ్బు లెక్కకు రాదు.

చికిత్స కూడ 1974 వరకు లేదు. ఆ సంవత్సరము సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అను పిచ్చరు ఎడమ మోచేతిలో తెగిన బంధనమునకు బదులు అతని కుడి ముంజేతి నుండి తీసిన ఒక స్నాయువును అమర్చెను. ఆ స్నాయువు ముంజేతిలో మణికట్టువైపు సాగు సన్నని తాడు వంటిది. కొందరిలో పుట్టుకతోనే ఉండదు, లేనందున వారికి లోటు తెలియదు. టామీ జాన్ 1976లో తిరిగివచ్చి 1989 వరకు ఆడెను. అతడు గెలిచిన 288 ఆటలలో 164 ఈ శస్త్రచికిత్స తరువాతివే. నేడు ఈ చికిత్స అతని పేరనే ప్రసిద్ధము. కనుక నేటి శస్త్రచికిత్సల సంఖ్య పెరుగుటను పూర్తిగా గాయముల పెరుగుదలయని కూడ భావింపరాదు. పూర్వము ఇంటికి పంపబడినవాడు నేడు ఆసుపత్రికి పోవుచున్నాడు.

ఒక బంతి మరియొక బంతితో సమానమా?

రాడ్‌బోర్న్ కాలమున దూరము 50 అడుగులు. 60 అడుగుల 6 అంగుళములు అయినది 1893లో. దూరము మారినపుడు ఇన్నింగ్సు విలువయు మారును. 1912లో వెలువడిన క్రిస్టీ మాథ్యూసన్ గ్రంథము పేరే ఆనాటి పద్ధతిని తెలుపును. "ఇరకాటములో బంతి విసరుట" అని దాని భావము. పూర్తి బలమును ఇరకాట సమయములకు దాచుకొని, తక్కినపుడు నిదానముగా విసరుట ఆనాటి పిచ్చరు నేర్పు. అది అపుడు సాధ్యమైనది. 1911లో అమెరికన్ లీగులో అందరికంటె ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాడు కొట్టినవి 11 మాత్రమే. 1920లో బేబ్ రూత్ ఒక్కడే 54 కొట్టెను. నిదానముగా విసరిన బంతి హద్దు దాటిపోవు ప్రమాదము పెరిగినకొలది, దాచుకొనుటకు పిచ్చరునకు వీలు తగ్గుచు వచ్చెను.

ఇచట భౌతికశాస్త్రము కొంత సాయపడును. గతిజశక్తి వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. 145 గ్రాముల బంతిని గంటకు 85 మైళ్ల వేగముతో, అనగా సెకండునకు 38 మీటర్ల వేగముతో విసరినచో దాని శక్తి సుమారు 105 జౌళ్లు. 95 మైళ్లయినచో, అనగా సెకండునకు 42.5 మీటర్లయినచో, 131 జౌళ్లు. వేగము ఎనిమిదవ వంతు పెరుగగా శక్తి నాలుగవ వంతు పెరిగినది. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును.

కాని ఈ లెక్కను కూడ గ్రుడ్డిగా వాడరాదు. ఇద్దరు పిచ్చర్లను పోల్చినపుడు, వేగముగా విసరువాని మోచేతిపైననే ఎక్కువ భారము పడునని చెప్పలేము. శరీర నిర్మాణము, కదలికల క్రమము మనిషికి మనిషికి వేరు. అదే మనిషి తన బంతులలో ఎక్కువ వేగముగా విసరినపుడు మాత్రము అతని మోచేతి భారము స్పష్టముగా పెరుగుచున్నది. నోలన్ రయాన్ బంతి వేగమును 1974లో గంటకు 100.9 మైళ్లుగా కొలిచినారు. అతడు 1993 వరకు, మొత్తము 27 సీజనులు ఆడెను. ఇట్టివారు ఏ కాలమునను కొందరుందురు. వారిని బట్టి అందరికి నియమము చేయుటయు, వారిని చూపి నియమమును కొట్టివేయుటయు రెండును తప్పే. చూడవలసినది గంటకు ఎన్ని మైళ్లని కాదు. ఆ మనిషి పూర్తి శక్తిలో ఎంత భాగమును ఆ బంతికి వినియోగించెనని.

లెక్కపై మితిమీరిన నమ్మకము

ఇక రెండవ వాదము. ఒక ఆటలో సుమారు నూరు బంతులకు మించకుండ పిచ్చరును ఆపుట గత కొన్ని దశాబ్దములలో ఆచారమైనది. 300 ఇన్నింగ్సులు దాటిన సీజను చివరిసారిగా కనబడినది 1980లో. దానిని విసరినవాడు స్టీవ్ కార్ల్‌టన్. అప్పటినుండి పని తగ్గినది. మరి గాయములు తగ్గినవా?

స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2010లో మోచేతి శస్త్రచికిత్స పొందెను. 2012లో అతని జట్టు ముందుగానే హద్దు నిర్ణయించి, 159 ఇన్నింగ్సులు దాటగానే సెప్టెంబరులో అతనిని ఆపివేసినది. జట్టు ఆ సంవత్సరపు ముఖ్యమైన పోటీలను అతడు లేకుండనే ఆడి ఓడెను. 2019లో అతడు వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడుగా నిలిచెను. ఆ తరువాత భుజమునకు పోవు నరములు నలిగిపోవు జబ్బు వచ్చి, ఎనిమిది ఆటలు మాత్రమే ఆడగలిగి, 2024లో విరమించెను. హద్దు అతనిని రక్షించినదని గాని, రక్షింపలేదని గాని ఈ ఒక్క కథనుబట్టి చెప్పలేము. లెక్క ఒక్కటే హామీ కాదని మాత్రము చెప్పవచ్చును.

2024 డిసెంబరులో మేజర్ లీగు బేస్‌బాల్ సంస్థ పిచ్చర్ల గాయములపై ఒక నివేదికను ప్రకటించినది. దాని ప్రకారము, ప్రధానమైన ఫాస్ట్ బాల్ సగటు వేగము 2008లో గంటకు 91.3 మైళ్లు, 2024లో 94.2 మైళ్లు. పిచ్చర్లను గాయపడినవారి జాబితాలో చేర్చిన సందర్భములు 2005లో 212, 2024లో 485. వేగముపై మోజు, బంతి త్రిప్పుటపై అత్యాసక్తి, ప్రతి బంతిని పూర్తి బలముతో విసరుట, ఇవి ముఖ్యకారణములు కావచ్చునని నివేదిక అభిప్రాయపడినది.

ఈ నివేదిక గుణము ఏమనగా, అది సంఖ్యను వదలి తీవ్రతవైపు దృష్టి మరల్చినది. దాని పరిమితియు చెప్పవలెను. అది ముఖ్యముగా రెండు వందలమందికి పైగా నిపుణుల అభిప్రాయములను సేకరించి వ్రాసినది, ప్రయోగము కాదు. వేగమును గాయములును ఒకే కాలమున పెరిగినవి. అంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని రుజువు కాదు. గాయపడినవారి జాబితా నియమములును ఈ మధ్యకాలములో మారినవి. వేగము కొలతలు 2008 నుండి మాత్రమే క్రమముగా ఉన్నవి కనుక వాల్ష్, కోఫాక్స్ కాలములతో పోల్చుట సాధ్యము కాదు. అయినను, ఒకే మనిషి ఎక్కువ బలముతో విసరినపుడు మోచేతి భారము పెరుగునను ప్రయోగశాల ఫలితము ఈ అభిప్రాయమునకు బలమిచ్చుచున్నది.

ఇందుండి ఒక విచిత్రమైన సంగతి బయటపడును. "నీవు అయిదు ఇన్నింగ్సులు విసరిన చాలును, తరువాత మరియొకడు వచ్చును" అని పిచ్చరునకు ముందే చెప్పినచో, అతడు బలము దాచుకొనవలసిన అవసరమేమున్నది? ప్రతి బంతిని పూర్తి బలముతో విసరును. అనగా సంఖ్యను తగ్గించు నియమమే తీవ్రతను పెంచుటకు దోహదము చేయుచున్నది. దూరపు పరుగును తగ్గించితిమని సంతసించి, అదే మనిషిచే అన్నియు నూరు గజముల పరుగులే తీయించినట్లున్నది.

బాలుర చేతులు

అట్లయినచో లెక్క వ్యర్థమా? కాదు. ఎదుగుచున్న బాలుర విషయమున లెక్కకు గట్టి ఆధారమున్నది. బాలుని మోచేతి లోపలివైపు ఎముక పెరుగు చోట ఇంకను మృదులాస్థియే ఉండును. అది బంధనముకంటె బలహీనము. పెద్దవానిలో బంధనము తెగు లాగుడు బాలునిలో ఎముక పెరుగు చోటును విడదీయును.

అమెరికాలో బాల పిచ్చర్లను పది సంవత్సరములు గమనించి 2011లో ప్రకటించిన ఒక పరిశోధనలో, సంవత్సరమునకు నూరు ఇన్నింగ్సులు మించి విసరినవారికి తీవ్రమైన గాయము కలుగు అవకాశము తక్కినవారికంటె మూడున్నర రెట్లు కన్పించినది. 2006 నాటి మరియొక పరిశోధన శస్త్రచికిత్స పొందిన యువకులను గాయపడనివారితో పోల్చెను. సంవత్సరములో ఎనిమిది నెలలకు మించి ఆడినవారికి అపాయము అయిదు రెట్లు. చేయి అలసినను తరచు విసరినవారికి 36 రెట్లు. చిన్న సమూహముపై వచ్చిన అంకె కనుక "36" అనుదానిని అక్షరశః నమ్మనక్కరలేదు. కాని అది చూపు దిశలో సందేహము లేదు. అలసటయే ఇందులో ప్రధాన దోషి. అమెరికాలోని లిటిల్ లీగ్ సంస్థ 2007 నుండి ఇన్నింగ్సులకు బదులు బంతులనే లెక్కించి, వయస్సును బట్టి హద్దులు పెట్టినది.

జపానులో ఈ మార్పు ఆలస్యముగా వచ్చినది. అక్కడ ఉన్నత పాఠశాలల కోషియెన్ పోటీలు దేశమంతయు చూచు ఉత్సవము వంటివి. 1998లో దైసుకే మత్సుజాకా అను విద్యార్థి 17 ఇన్నింగ్సులు సాగిన ఆటలో ఒక్కడే 250 బంతులు విసరెను. దేశము దానిని వీరకార్యముగా మెచ్చుకొన్నది. అతడు పెద్ద ఆటగాడైనాడు. 2011లో మోచేతి శస్త్రచికిత్సయు పొందెను. 2018 వేసవిలో కొసెయ్ యోషిదా అను మరియొక విద్యార్థి ఆ పోటీలలో 881 బంతులు విసరెను. చర్చ పెరుగగా 2020లో వారమునకు 500 బంతుల హద్దు వచ్చినది. ఇక్కడను సై యంగ్ విషయమున చెప్పిన దోషమే కలదు. తట్టుకొన్న బాలుని పేరు దేశమంతట మ్రోగినది. తట్టుకొనలేనివాడు తన పాఠశాల మైదానముననే ఆగిపోయెను.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. ఈ బంధనము చిరుగుటను వైద్యులు 1946లో మొదట వర్ణించినది బేస్‌బాల్ ఆటగాండ్రలో కాదు, జావెలిన్ విసరువారిలో. జావెలిన్ మన పాఠశాలల క్రీడలలోను ఉన్నది. పోటీలకు పది దినముల ముందు ఒక విద్యార్థిచే దినమునకు అరవై మారులు పూర్తి బలముతో ఈటె విసరించుచు, "మా కాలమున మేమిట్లే చేసితిమి" అని చెప్పు శిక్షకుడు, రాడ్‌బోర్న్ పేరు విననివాడైనను, అతని అభిమానుల తర్కమునే వాడుచున్నాడు. అతని కాలమున చేయి చెడిన సహపాఠి నేడు ఆ మైదానమున నిలిచి సాక్ష్యము చెప్పుటలేదు.

ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్నలు ఎన్నో లేవు. ఎన్ని మారులు విసరినావు? అందులో పూర్తి బలముతో ఎన్ని? చివరిసారి విసరి ఎన్ని దినములైనది? ఇప్పుడు చేయి అలసి ఉన్నదా? వీనిలో మొదటిదానికి మాత్రమే పుస్తకములో అంకె దొరకును. తక్కిన మూడింటికి జవాబు ఆ బాలుని నోటినుండియే రావలెను. మోచేతి లోపలివైపు నొప్పి అని బాలుడు చెప్పినచో, ఆ దినమునకు ఈటెను ప్రక్కన పెట్టించి, నొప్పి తగ్గనిచో వైద్యునికి చూపించుట శిక్షకుని మొదటి పని. పిల్లవాడు నిర్భయముగా "నొప్పిగా ఉన్నది" అని చెప్పగల మైదానమును ఏర్పరచినచో, ఏ పట్టికయు చేయలేని మేలు జరుగును.